మందుకు లొంగని రొమ్ము కణితి.. ఎంజైముల్లోనే గుట్టు

భీమవరం: రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న ఇద్దరు మహిళలకు ఒకే మందును ఒకే మోతాదులో ఇస్తారు. ఒకరిలో కణితి కరిగిపోతుంది. మరొకరిలో మొదట కొంత తగ్గినట్లే తగ్గి, కొద్ది నెలల్లో మళ్లీ పెరుగుతుంది. మందు మంచిది కాదేమోనని, ఆస్పత్రి మార్చి ఉంటే బాగుండేదేమోనని బంధువులు వాపోతారు. కొందరు తలరాత అని సరిపెట్టుకొని చికిత్సనే మానేస్తారు. చాలా సందర్భాల్లో కారణం మందులోనూ ఉండదు, తలరాతలోనూ ఉండదు. కణితిలోని కణాలు ఏయే ఎంజైములను ఎంతెంత తయారు చేసుకుంటున్నాయన్న దానిలో ఉంటుంది.

గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.92 లక్షల మంది మహిళలు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బారిన పడుతున్నారు. భారతీయ మహిళల్లో అన్ని క్యాన్సర్ల కంటే ఎక్కువగా కనిపిస్తున్నది ఇదే. ఈ వ్యాధిపై ప్రయోగించిన తొలితరం మందుల్లో ఒకదాని వెనుక పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త కృషి ఉంది. ఎంజైములను పెంచుకొని కణం మందును ఎలా ఓడిస్తుందో శాస్త్రలోకానికి స్పష్టంగా చూపిన మందు కూడా అదే. అందువల్ల ఈ సంగతిని అక్కడి నుంచి మొదలుపెట్టడమే సబబు.

సుబ్బారావు బృందం ఇచ్చిన అస్త్రం

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి 1923లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధనలు చేసి, కణానికి ఇంధనం వంటిదైన ఏటీపీని 1929లో వెలుగులోకి తెచ్చారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు, ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించారు.

కణం రెండుగా చీలాలంటే ముందుగా డీఎన్ఏ రెట్టింపు కావాలి. డీఎన్ఏ తయారీకి ఫోలిక్ ఆమ్లం అవసరం. అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పని చేయని పదార్థాన్ని అందిస్తే కణం మోసపోతుంది. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణం మరింతగా మోసపోతుంది. ఈ ఆలోచన నుంచే అమినోప్టెరిన్, దాని వెంట మెథోట్రెక్సేట్ రూపుదిద్దుకున్నాయి. అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులకు తాత్కాలికంగానైనా ఉపశమనం లభించిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు.

మెథోట్రెక్సేట్ ప్రస్థానం ఆగలేదు. రక్త క్యాన్సర్‌లోనే కాక గడ్డ రూపంలో వచ్చే రొమ్ము క్యాన్సర్‌పైనా అది పనిచేస్తుందని న్యూయార్క్‌కు చెందిన డాక్టర్ జేన్ రైట్ బృందం 1951లో చూపింది. ఆ తరువాత ఇటలీలోని మిలాన్‌లో జియానీ బొనడోనా సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ అనే మూడు మందులను కలిపి సీఎంఎఫ్ పద్ధతిని రూపొందించారు. శస్త్రచికిత్స జరిగిన మహిళలపై నిర్వహించిన ఆ పరీక్షల తొలి ఫలితాలు 1976లో వెలువడ్డాయి. శస్త్రచికిత్స మాత్రమే చేసిన 179 మందిలో 43 మందికి వ్యాధి తిరగబెట్టగా, సీఎంఎఫ్ కూడా తీసుకున్న 207 మందిలో 11 మందికే తిరగబెట్టింది. శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ ఇవ్వాలన్న నేటి విధానానికి ఆ అధ్యయనం పునాదుల్లో ఒకటి. ఇప్పుడు సీఎంఎఫ్ స్థానాన్ని చాలావరకు డాక్సోరుబిసిన్ వర్గం, ట్యాక్సేన్ వర్గం మందులు ఆక్రమించాయి.

మందు ఒకటి.. ఎంజైములు 200 రెట్లు

ఎంజైమ్ అంటే కణంలో రసాయన చర్యలను వేగంగా జరిపించే మాంసకృత్తి. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులు కూడా తమలోని ఎంజైముల ద్వారానే ఆ పని చేస్తాయి. ప్రతి ఎంజైముకూ కణంలో ఒక జన్యువు ఉంటుంది. ఆ జన్యువు ఆదేశం మేరకు ఎంజైమ్ తయారవుతుంది. శరీరంలోని కణాలన్నింటిలో దాదాపు అవే జన్యువులు ఉన్నా, ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలి, ఎంత పనిచేయాలి అన్నది మాత్రం వేర్వేరుగా ఉంటుంది. దీనినే శాస్త్ర పరిభాషలో జన్యు వ్యక్తీకరణ అంటారు. కణితిలో ఈ అదుపు తప్పుతుంది. కొన్ని ఎంజైములు అతిగా తయారవుతాయి. మరికొన్ని అసలు తయారు కావు.

మెథోట్రెక్సేట్ దెబ్బతీసేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును. ఫోలిక్ ఆమ్లాన్ని పనికివచ్చే రూపంలోకి మార్చేది ఇదే. అసలైన ఫోలిక్ ఆమ్లం కంటే మెథోట్రెక్సేట్ ఈ ఎంజైమును సుమారు వెయ్యి రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తాళంలో ఇరుక్కుపోయిన దొంగతాళంచెవి వంటిదన్నమాట. అప్పుడు కణం ఏం చేస్తుంది? తాళాల సంఖ్యను పెంచుకుంటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ షిమ్కే బృందం 1978లో ఈ సంగతిని బయటపెట్టింది. మెథోట్రెక్సేట్ మోతాదును అంచెలంచెలుగా పెంచుతూ పోయినా చావని ఎలుక క్యాన్సర్ కణాలను పరిశీలించగా, వాటిలో ఈ ఎంజైమ్ సుమారు 200 రెట్లు ఎక్కువగా ఉంది. ఆ ఎంజైమ్ జన్యువు తాలూకు ప్రతులు కూడా అదే స్థాయిలో పెరిగాయి. అంతవరకు జన్యువుల సంఖ్య స్థిరంగా ఉంటుందని భావించినవారికి ఇది మింగుడుపడని విషయమైంది. తరువాతి కాలంలో మెథోట్రెక్సేట్‌కు అలవాటుపడిన మానవ రొమ్ము క్యాన్సర్ కణాల్లోనూ ఇదే మార్పు కనిపించింది.

కథ ఇక్కడితో ముగియలేదు. కణంలోకి చేరిన మెథోట్రెక్సేట్ బయటకు జారిపోకుండా దానికి గ్లుటామేట్ తోకలను తగిలించే ఎంజైమ్ మరొకటి ఉంది. ఆ ఎంజైమ్ తగ్గిపోయినా మందు నిలవదు. అంటే ఒక ఎంజైమ్ పెరిగినా మందు ఓడుతుంది, మరొక ఎంజైమ్ తగ్గినా మందు ఓడుతుంది. ఎంజైమ్ ఎక్కువగా ఉంటే చెడ్డది, తక్కువగా ఉంటే మంచిది అని ఒక్క మాటలో తేల్చడానికి వీలులేకపోవడం ఇందువల్లనే.

వరిచేను నేర్పిన పాఠం

గోదావరి జిల్లాల రైతులకు ఈ వ్యవహారం కొత్తది కాదు. వరిలో సుడిదోమకు ఒకే పురుగుమందును ఏళ్ల తరబడి చల్లితే మొదట్లో పనిచేసిన మందు క్రమంగా పనిచేయదు. మందు దోమను మార్చదు. గుంపులో ముందునుంచే మందును తట్టుకోగలిగిన కొద్దిపాటి దోమలు బతికి, వాటి సంతతే చేనంతా నిండుతుంది. కణితిలోనూ కోట్లాది కణాలు ఒక్కలా ఉండవు. మందు బలహీనమైనవాటిని చంపుతుంది, బలమైనవాటికి చోటు ఖాళీ చేసిపెడుతుంది.

పోలిక ఇంతటితో ఆగకపోవడమే విశేషం. సుడిదోమ పురుగుమందులను తట్టుకోవడానికి వాడుకొనే ఎంజైముల్లో సైటోక్రోమ్ పీ450 కుటుంబానికి చెందినవి, ఎస్టరేజులు ఉన్నాయి. ఇమిడాక్లోప్రిడ్‌కు లొంగని దోమల్లో పీ450 ఎంజైమ్ ఒకటి అతిగా తయారవుతున్నట్లు తేలింది. మనిషి కాలేయంలో మందులను విరిచే ఎంజైముల్లోనూ ఇవే కుటుంబాలు ప్రధానమైనవి. విషాన్ని వదిలించుకోవడానికి జీవకోటి కోట్ల ఏళ్లుగా వాడుతున్న పనిముట్లే కణితి చేతిలోనూ ఉన్నాయి.

విషాన్ని విరిచే ఎంజైములు

సీఎంఎఫ్‌లోని మొదటి మందు సైక్లోఫాస్ఫమైడ్. ఇది నేటికీ రొమ్ము క్యాన్సర్ చికిత్సలో విస్తృతంగా వాడుకలో ఉంది. సెలైన్ ద్వారా ఎక్కించినప్పుడు ఇది నిద్రాణస్థితిలో ఉంటుంది. కాలేయంలోని పీ450 ఎంజైములు దానిని మేల్కొలుపుతాయి. అలా ఏర్పడిన ఆల్డోఫాస్ఫమైడ్ రక్తం ద్వారా కణితిని చేరి, అక్కడ విడిపోయి డీఎన్ఏను దెబ్బతీసే అసలు విషంగా మారుతుంది. అయితే ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ అడ్డుపడితే ఆల్డోఫాస్ఫమైడ్ విషంగా మారకముందే నిర్వీర్యమై మూత్రం ద్వారా బయటకు పోతుంది.

ఈ ఎంజైమ్ మనకు శత్రువేమీ కాదు. ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే మూలకణాల్లో ఇది సమృద్ధిగా ఉంటుంది. కీమోథెరపీ తరువాత పడిపోయిన రక్తకణాల సంఖ్య కొద్ది వారాల్లో కోలుకోవడానికి ఒక కారణం ఇదే. మజ్జను కాపాడే కవచాన్నే కణితి కూడా తొడుక్కుంటే చిక్కు వస్తుంది. రొమ్ము కణితుల్లో ఈ ఎంజైమ్ స్థాయి రోగికీ రోగికీ ఎంతో తేడాగా ఉంటుందని, ఎక్కువగా ఉన్నచోట సైక్లోఫాస్ఫమైడ్ ఆధారిత చికిత్స విఫలమయ్యే అవకాశం కనిపిస్తోందని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రకటించారు. అయితే అది పాత నమూనాలను వెనక్కి తిరిగి పరిశీలించిన చిన్న అధ్యయనం. 2007లో మిచిగాన్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన మరో పరిశోధన, ఈ ఎంజైమ్ అధికంగా ఉన్న కొద్దిపాటి కణాలే కొత్త కణితులను మొలిపించగల మూలకణాల వంటివని సూచించింది. చికిత్సతో పైపైన కణితి కరిగినా వేరు మిగిలిపోవడం ఎలాగో దీనివల్ల కొంత అర్థమైంది.

గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ అనేది ఈ వర్గంలోని మరొక ఎంజైమ్. గ్లూటాథయోన్ అనే చిన్న అణువును తెచ్చి మందుకు అతికించడం దీని పని. అలా అతికించిన మందు నీటిలో సులువుగా కరిగి కణం నుంచి బయటకు వెళ్లిపోతుంది. ఇక మందును నేరుగా తోడిపోసే పంపులు వేరే ఉన్నాయి. కణం గోడలో ఉండే పీ-గ్లైకోప్రొటీన్ లోపలికి వచ్చిన డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్ వంటి మందులను మళ్లీ బయటకు నెట్టేస్తుంది. 1976లో కెనడా శాస్త్రవేత్తలు దీనిని గుర్తించారు. ఈ పంపు నడవడానికి కావలసిన ఇంధనం ఏటీపీ. ఒకప్పుడు ఫిస్కే, సుబ్బారావు కండరాల్లో కనుగొన్న పదార్థమే ఇప్పుడు క్యాన్సర్ కణం మందును బయటకు తోయడానికి ఖర్చు చేస్తున్న ఇంధనమని తెలిస్తే ఆశ్చర్యం కలగక మానదు.

పంపును ఆపే మందు ఇస్తే సరిపోతుంది కదా అని దశాబ్దాలపాటు ప్రయత్నించారు. ప్రయోగశాలలో ఫలితాలు బాగున్నా రోగుల్లో నిలబడలేదు. ఆ పంపు పేగుల్లో, కాలేయంలో, మెదడు రక్తనాళాల్లో కూడా ఉండి శరీరాన్ని విషాల నుంచి కాపాడుతుంటుంది. దానిని ఆపితే కీమో మందు తాకిడి ఒళ్లంతా పెరుగుతుంది.

కణితే మందును వండుకుంటే..

ఎంజైములను ఎప్పుడూ ప్రతినాయకులుగా చూపడం న్యాయం కాదు. కణితిలోని ఎంజైమునే ఆసరాగా చేసుకొని రూపొందించిన మందు కేప్‌సైటబిన్. రోగులు ఇంటివద్దనే వేసుకొనే మాత్ర ఇది. అమెరికాలో 1998లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి లభించింది. మాత్రలో ఉన్నది అసలు మందు కాదు, దానికి ముడిసరుకు. కాలేయంలో ఒక ఎంజైమ్, కాలేయంతో పాటు కణితిలో మరొక ఎంజైమ్ దానిని రెండు దశల్లో మారుస్తాయి. చివరి దశను థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ పూర్తిచేసి ఫ్లోరోయురాసిల్‌ను తయారు చేస్తుంది. ఈ మూడో ఎంజైమ్ చాలా కణితుల్లో పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలం కంటే ఎక్కువగా ఉంటుంది. కాబట్టి మందు కణితిలోనే ఎక్కువగా తయారవుతుంది. కొత్త రక్తనాళాలను మొలిపించుకోవడానికి కణితి పెంచుకొన్న ఎంజైమే దానికి ముప్పు తెస్తుంది. డోసిటాక్సెల్ ఇస్తే ఈ ఎంజైమ్ ఇంకా పెరుగుతుందని జంతువులపై జరిపిన ప్రయోగాల్లో తేలడం ఈ రెండు మందులనూ కలిపి ఇవ్వడానికి ఒక ప్రాతిపదిక అయింది.

ఇక్కడా కణితికి తప్పించుకొనే దారులున్నాయి. ఫ్లోరోయురాసిల్ దెబ్బతీసేది థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమును. అది అతిగా తయారైతే మెథోట్రెక్సేట్ విషయంలో జరిగిన కథే పునరావృతమవుతుంది.

పరీక్షల్లో తేలేవి.. తేలనివి

ఇన్ని ఎంజైములు ఉన్నప్పుడు అన్నింటినీ ముందే పరీక్షించి మందు ఎంచుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. కానీ ప్రయోగశాలలో నిరూపణ అయిన ప్రతిదీ రోగి పడక వద్ద అక్కరకు రాదు. ఒక ఉదాహరణ చాలు. డాక్సోరుబిసిన్‌కు లొంగని రొమ్ము క్యాన్సర్ కణాలుగా పేరొందిన ఒక కణశ్రేణిపై ఏళ్ల తరబడి ఎన్నో ప్రయోగాలు జరిగాయి. గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ గురించిన తొలి పరిశోధనలకూ ఆ కోవకు చెందిన కణాలే ఆధారం. 1990ల చివర డీఎన్ఏ పరీక్ష చేయగా అవి అనుకున్న రొమ్ము కణాలు కావని బయటపడింది. అండాశయ క్యాన్సర్ కణాల నుంచి వచ్చాయని ఆ తరువాత తేలింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఆ కణశ్రేణి పేరునే మార్చవలసి వచ్చింది.

పైన చెప్పిన ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్, గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్, థైమిడిలేట్ సింథేజ్ స్థాయులను రొమ్ము కణితిలో కొలిచి దాని ఆధారంగా మందు మార్చాలని ప్రామాణిక చికిత్స మార్గదర్శకాలేవీ చెప్పడం లేదు. కొలిచే పద్ధతులు ఒక ప్రయోగశాలకూ మరొక ప్రయోగశాలకూ పొంతన కుదరకపోవడం ఒక కారణం. ఒక ఎంజైమును ఆపితే కణితి మరొక దారి తొక్కడం రెండో కారణం. కాబట్టి అప్పుచేసి ఇటువంటి ఖరీదైన పరీక్షలు చేయించాలని ఎవరైనా సలహా ఇస్తే, ఆ ఫలితంతో చికిత్సలో ఏది మారుతుందని క్యాన్సర్ వైద్యుని అడగడం అవసరం. ఏదీ మారదని సమాధానం వస్తే ఆ డబ్బు మందులకు పనికివస్తుంది.

తప్పనిసరిగా జరగవలసిన పరీక్షలు మాత్రం మూడే. ఈస్ట్రోజెన్ గ్రాహకం, ప్రొజెస్టరాన్ గ్రాహకం, హెర్-2. మొదటి రెండూ ఎంజైములు కావు. అయితే అరోమటేజ్ అనే ఎంజైమును ఆపే మందులు పనికివస్తాయా లేదా అన్నది వాటిని బట్టే తెలుస్తుంది. ముట్లుడిగిన మహిళల్లో అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీని దాదాపు నిలిపివేసినా, కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ ఇతర హార్మోన్ల నుంచి దానిని తయారుచేస్తూనే ఉంటుంది. రొమ్ములోని కొవ్వులోనూ, కణితిలోనూ ఈ పని జరుగుతుంది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ మాత్రలు ఈ ఎంజైమును దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. గ్రాహకం లేని కణితిపై వీటివల్ల ప్రయోజనం ఉండదు. గ్రాహకం ఉన్న కణితి కూడా కొన్నేళ్లకు ఈస్ట్రోజెన్ లేకుండానే పెరగడం నేర్చుకోవచ్చు. అప్పుడు సీడీకే 4, 6 అనే మరో రెండు ఎంజైములను అడ్డుకొనే పాల్బోసైక్లిబ్ వంటి మందులు అక్కరకు వస్తాయి. ఇవి 2015 నుంచి వాడుకలోకి వచ్చాయి.

హెర్-2 మాత్రం ఏకకాలంలో గ్రాహకం, ఎంజైమ్ కూడా. కణం ఉపరితలంపై నిలబడి, లోపలి భాగంలోని ఎంజైమ్ ద్వారా విభజన చెందమని సంకేతాలు పంపుతుంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం వాటిలో దీని జన్యువు ప్రతులు పెరిగిపోయి ఉంటాయి. షిమ్కే ఎలుక కణాల్లో చూసిన జన్యువుల పెరుగుదల వంటిదే ఇదీ. కాకపోతే అక్కడ మందు తాకిడికి పెరిగాయి, ఇక్కడ మందు తగలకముందే పెరిగాయి. అలాంటి కణితులు ఉద్ధృతంగా ముదురుతాయని డెన్నిస్ స్లామన్ బృందం 1987లో వెల్లడించింది. వీటిపై ప్రయోగించే ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో అనుమతి పొందింది. శస్త్రచికిత్స తరువాత దానిని ఇస్తే వ్యాధి తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో తేలింది. మన దేశంలో 2014 నుంచి దీనికి దేశీయ బయోసిమిలర్ మందులు లభిస్తున్నాయి.

గ్లాసులో వేసిన ముక్క కథ

ఇక్కడే జిల్లాల స్థాయిలో పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. హెర్-2, హార్మోన్ గ్రాహకాల పరీక్ష ఎంత కచ్చితంగా వస్తుందన్నది పరీక్ష యంత్రం కంటే ముందు, శస్త్రచికిత్స గదిలో తీసిన ముక్కను ఏం చేశారన్నదానిపై ఆధారపడి ఉంటుంది. శరీరం నుంచి వేరుచేసిన కణజాలంలోని మాంసకృత్తులు వెంటనే చెడిపోవడం మొదలుపెడతాయి. గంటలోపు దానిని ఫార్మలిన్ ద్రావణంలో వేయాలని, 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా అందులో ఉంచాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ముక్కను సెలైన్ నీటిలో వేసి, బంధువుల చేతికిచ్చి పక్క పట్టణంలోని ల్యాబ్‌కు తీసుకువెళ్లమంటే, అది చేరేలోపు గ్రాహకాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. నిజానికి గ్రాహకం ఉన్న కణితికి లేదని ఫలితం వస్తే, నెలకు కొద్దిపాటి ఖర్చుతో వచ్చే హార్మోన్ మాత్రలు ఆ రోగికి అందకుండా పోతాయి. మందుకు లొంగని కణితులుగా మనం లెక్కవేసేవాటిలో అసలు తగిన మందే పడనివి కూడా ఉంటాయన్న మాట.

హెర్-2 ఫలితాన్ని 0, 1+, 2+, 3+ అని ఇస్తారు. 3+ అయితే ఉన్నట్లే. 2+ అయితే తేలనట్లు లెక్క. అప్పుడు జన్యువు ప్రతులను లెక్కించే ఫిష్ అనే పరీక్ష చేయించాలి. 2+ అని రాసి ఉన్న కాగితంతోనే చికిత్స మొదలుపెట్టడం సరికాదు. 0, 1+ లను ఒకప్పుడు ఒకే గాటన కట్టేవారు. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందు ఆ లెక్కను మార్చింది. హెర్-2ను పట్టుకొనే ప్రతిరక్షకానికి, టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమును దెబ్బతీసే విషాన్ని జతచేసి దీనిని తయారు చేశారు. హెర్-2 కొద్దిగానే ఉన్న, శరీరంలో వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లోనూ ఇది పనిచేస్తుందని ఆ ఏడాది రుజువైంది. ఖరీదు మాత్రం సామాన్యులకు అందనంతగా ఉంది.

కణితి లెక్క వేరు.. కాలేయం లెక్క వేరు

మందు పనిచేయకపోవడానికి ప్రతిసారీ కణితినే తప్పుపట్టలేం. రోగి సొంత కాలేయంలోని ఎంజైములూ ఇందులో పాత్రధారులే. హార్మోన్ గ్రాహకాలున్న మహిళలకు ఏళ్ల తరబడి ఇచ్చే టామోక్సిఫెన్‌ను కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ ఎండోక్సిఫెన్‌గా మారుస్తుంది. గ్రాహకాన్ని గట్టిగా పట్టుకొనేది ఈ ఎండోక్సిఫెనే. టామోక్సిఫెన్ వాడేవారిలో ఒంట్లో ఆవిర్లు రావడం, దిగులు వంటివి సాధారణం. వాటికోసం మరో వైద్యుడు పారాక్సిటిన్ లేదా ఫ్లువాక్సిటిన్ రాస్తే, అవి సీవైపీ2డీ6ను బలంగా అడ్డుకుంటాయి. దీనివల్ల వ్యాధి తిరగబెట్టే ముప్పు ఎంత పెరుగుతుందన్నదానిపై పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా ఆ జంటను తప్పించి, ఈ ఎంజైము జోలికి అంతగా పోని వేరే మందు ఇవ్వడం మేలన్నదే వైద్యుల విధానం. క్యాన్సర్ వైద్యునికి తెలియకుండా వేసుకొనే ఏ మాత్ర అయినా, పసరు అయినా, చూర్ణం అయినా ఇటువంటి చిక్కు తేగలదు. అయితే దిగులు మాత్రలను ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. మార్పు వైద్యుల సలహాతోనే జరగాలి.

కేప్‌సైటబిన్ విషయంలో ప్రమాదం ఎదురుదిశలో ఉంది. దానినుంచి తయారయ్యే ఫ్లోరోయురాసిల్‌లో అధికభాగాన్ని కాలేయంలోని డీపీడీ అనే ఎంజైమ్ విరిచేస్తుంది. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపించిన కొద్దిమందిలో మామూలు మోతాదు కూడా ప్రాణాంతకం కావచ్చు. చికిత్స మొదలుపెట్టే ముందే దీనిని పరీక్షించాలని ఐరోపా ఔషధ సంస్థ 2020లో సూచించింది. మాత్రలు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే నోరంతా పూసి, విరేచనాలు ఆగకపోతే మిగిలిన మాత్రలు పూర్తి చేయాలన్న పట్టుదలకు పోకుండా వెంటనే ఆస్పత్రికి చేరాలి.

ఇక్కడ ఫోలిక్ ఆమ్లం మళ్లీ ఎదురవుతుంది. నీరసంగా ఉందని, రక్తం తక్కువగా ఉందని ఫోలిక్ ఆమ్లం ఉన్న బలం మాత్రలను చాలామంది సొంతంగా కొని వేసుకుంటారు. మామూలు రోజుల్లో అది హానికరం కాదు. కానీ ఫోలేట్ వర్గం పదార్థాలు ఫ్లోరోయురాసిల్ పట్టును థైమిడిలేట్ సింథేజ్‌పై మరింత బిగిస్తాయి. అందువల్ల కేప్‌సైటబిన్‌తో పాటు వీటిని వేసుకుంటే దుష్ఫలితాలు తీవ్రం కావచ్చునని మందుల కంపెనీల సమాచార పత్రాల్లోనే హెచ్చరిక ఉంటుంది.

బ్లాకును భద్రపరచాలి

శస్త్రచికిత్సలో తీసిన కణితిని పాథాలజీ విభాగంలో మైనంలో పోతపోసి చిన్న దిమ్మెలుగా భద్రపరుస్తారు. వీటినే బ్లాకులు అంటారు. వేరే ఆస్పత్రికి వెళ్లేటప్పుడు నివేదిక కాగితంతో పాటు బ్లాకును, స్లైడ్లను కూడా అడిగి తీసుకోవచ్చు. కొత్త పరీక్షలు అందుబాటులోకి వచ్చినప్పుడు, పాత ఫలితంపై సందేహం కలిగినప్పుడు వాటినే మళ్లీ పరీక్షిస్తారు. ఎండకు, వేడికి మైనం కరిగే ప్రమాదం ఉంది కాబట్టి చల్లని, పొడిగా ఉండే చోట ఉంచాలి.

కొన్నేళ్ల తరువాత వ్యాధి ఎముకల్లోనో, కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో తిరగబెడితే, వీలైనచోట కొత్త గడ్డ నుంచి మళ్లీ ముక్క తీసి హార్మోన్ గ్రాహకాలు, హెర్-2 పరీక్షలు చేయించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొందరిలో మొదటి కణితి లక్షణాలకూ, తిరగబెట్టిన గడ్డ లక్షణాలకూ పొంతన ఉండదు. మళ్లీ సూది గుచ్చితే వ్యాధి పాకుతుందన్న భయంతో చాలా కుటుంబాలు దీనికి ఒప్పుకోవు. నిపుణులు పద్ధతి ప్రకారం తీసే ముక్కతో అటువంటి ముప్పు అత్యంత అరుదు. పాత ఫలితంతోనే కొత్త మందు ఎంచుకుంటే, ఇప్పుడు కణితిలో లేని లక్ష్యానికి గురిపెట్టినట్లవుతుంది.